నిద్రలేమి గ్రూపు మీద పీహెచ్‌డీ: నెట్నోగ్రఫీ చేయాలా, పోస్టులు లెక్కగట్టాలా?

ప్రశ్న (రెండో ఏడాది పరిశోధకురాలు):

నమస్కారం. నిద్ర పట్టక బాధపడేవాళ్లు ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే ఒక ఆన్‌లైన్ గ్రూపు మీద పని చేస్తున్నాను. నాలుగు నెలలుగా రోజూ చదువుతున్నాను. రాత్రి రెండింటికి ఎవరైనా "ఇంకా మెలకువగానే ఉన్నాను" అని రాస్తే, పది నిమిషాల్లో ముగ్గురు నలుగురు పలుకుతారు. ఆ పలకరింపే నన్ను ఈ అంశంలోకి లాగింది. మా గైడ్ గారు వేల పోస్టులు తీసుకుని లెక్కగట్టమంటున్నారు. నా మనసు నెట్నోగ్రఫీ వైపు, అంటే ఆన్‌లైన్ గ్రూపులోని మనుషుల తీరును దగ్గరగా గమనించి అర్థం చేసుకునే పద్ధతి వైపు ఉంది. సిద్ధాంతానికి మెక్‌మిలన్, చావిస్ 1986లో చెప్పిన సమూహ భావన (మనమంతా ఒకటే గుంపు అన్న భావన) తీసుకోవాలా, లేవ్, వెంగర్‌ల కమ్యూనిటీ ఆఫ్ ప్రాక్టీస్ (ఒకే పనిలో ఉన్నవాళ్లు కలిసి నేర్చుకునే సమూహం) తీసుకోవాలా? వచ్చే నెలలో ప్రపోజల్ ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:

అమ్మా, పద్ధతి సంగతి తర్వాత. మీకు తెలియాల్సింది ఏమిటో ముందు ఒక్క వాక్యంలో రాసుకోండి. రాత్రిళ్లు ఎంతమంది, ఎంతసేపట్లో పలుకుతున్నారన్నదే అయితే గైడ్ గారు చెప్పింది సరైనదే. ఆ పలకరింపు వాళ్లకు ఏమిస్తోందన్నది అయితే లెక్కల్లో దొరకదు. మీ పోస్టు చదివితే రెండోదే అనిపిస్తోంది.

లేవ్, వెంగర్ 1991లో రాసింది నేర్చుకోవడం గురించి. దర్జీల దగ్గర, మంత్రసానుల దగ్గర కొత్తవాళ్లు పక్కన ఉండి చూస్తూ మెల్లగా పనిలోకి రావడం వాళ్ల ఉదాహరణ. మీ గ్రూపులో కొత్తగా చేరినవాళ్లు కొన్నాళ్లకు సలహాలు చెప్పే స్థాయికి వస్తుంటే అది పనికొస్తుంది. లేకపోతే మెక్‌మిలన్, చావిస్ మంచిది. సభ్యత్వం, ప్రభావం, అవసరాలు తీరడం, ఉమ్మడి భావోద్వేగ బంధం అన్న వాళ్ల నాలుగు అంశాల్లో చివరిది మీ రాత్రి రెండింటి పలకరింపే. కాకపోతే అది ఆన్‌లైన్ గ్రూపులను చూసి రాసింది కాదు. ఒక్క పోస్టూ పెట్టని మనిషి సభ్యురాలా కాదా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఇది నాకు తగిలిన దెబ్బ. నా మొదటి అధ్యయనంలో పోస్టులు మాత్రమే చదివి "సభ్యుల అభిప్రాయం ఇది" అని రాసేశాను. తర్వాత పదకొండు మందితో మాట్లాడాను. వాళ్లలో ఒకావిడ రెండేళ్లుగా రోజూ చదువుతున్నారు, ఒక్క ముక్క రాయలేదు. ఆవిడకు ఆ గ్రూపే ఆసరా. నా డేటాలో ఆవిడ లేనే లేరు. ఇంటర్వ్యూలు తప్పకుండా పెట్టుకోండి.

జవాబు 2:

పై మాటకు నాదొక చేర్పు. పోస్టులను ఉన్నవి ఉన్నట్టు థీసిస్‌లో పెట్టకండి. పేరు తీసేసినా, ఆ వాక్యాన్ని సెర్చ్‌లో కొడితే మనిషి దొరికిపోవచ్చు. భావం చెడకుండా మాటలు మార్చి రాయండి. నెట్నోగ్రఫీకి రూపమిచ్చిన కోజినెట్స్ కూడా 2002లోనే, పరిశోధకులు తామెవరో గ్రూపుకు చెప్పాలన్నారు. మీరు చెప్పారా?

ప్రశ్న అడిగినవారు:

చెప్పలేదండీ. నాలుగు నెలలుగా ఊరికే చదువుతున్నాను, అది తప్పని ఇప్పుడు అర్థమైంది. ఈ రోజే అడ్మిన్‌లకు రాస్తాను. వాళ్లు ఒప్పుకుంటేనే ముందుకు వెళ్తాను. ఎప్పుడూ రాయనివాళ్లను ఇంటర్వ్యూకి ఎలా పిలిచారో చెప్పగలరా?

జవాబు 1:

అడ్మిన్‌లే నా తరఫున ఒక పోస్టు పెట్టారు. "ఇక్కడ మీరు ఏమీ రాయకపోయినా ఫరవాలేదు, మీతోనూ మాట్లాడాలని ఉంది" అని అందులో విడిగా రాయించాను. ఆవిడ ఆ వాక్యం చూసే వచ్చారు.