నాలుగు కెల్విన్ల చలిలో మెమరీ: లోపలే పెట్టాలా, బయట ఉంచితే చాలా?

రింగుకరెంట్: నగరంలో ఎంఆర్‌ఐ మిషన్ల సర్వీస్ నా పని. సూపర్‌కండక్టర్ (బాగా చల్లబరిస్తే కరెంటుకు అడ్డే లేని పదార్థం) ప్రాసెసర్ నాలుగు కెల్విన్ల (దాదాపు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్) చలిలో ఎంత వేగంగా నడిచినా మెమరీ మాత్రం మామూలు డీర్యామే (కంప్యూటర్లలో వాడే సాధారణ ర్యామ్), అదీ ఆ చలికి బయటే అని మొన్న ఒక మిత్రుడు తేల్చేశాడు. నాకు మింగుడు పడలేదు.

పోయిన నెల పంజాగుట్టలో ఒక ఎంఆర్‌ఐ మ్యాగ్నెట్ ర్యాంప్ చేశాం, అంటే దాని కాయిల్లోకి కరెంటు ఎక్కించాం. లిక్విడ్ హీలియంలో మునిగిన కాయిల్. దాని రెండు కొసలనూ కలుపుతూ ఒక స్విచ్, అదీ సూపర్‌కండక్టర్ తీగే. హీటర్ వేస్తే ఆ ముక్క వేడెక్కి మామూలు తీగ అవుతుంది, సప్లై కరెంటు కాయిల్లోకి ఎక్కుతుంది. కొన్ని వందల ఆంపియర్లు చేరాక హీటర్ ఆపుతాం. ముక్క చల్లబడి లూప్ మూసుకుంటుంది. ఇక సప్లై తీసేసినా కరెంటు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

ఇది రాసిపెట్టిన బిట్ కాక మరేమిటి? నానోవైర్ (అతి సన్నని సూపర్‌కండక్టర్ తీగ) మెమరీలో జరిగేదీ ఇదే, కాకపోతే మైక్రోమీటర్ల సైజులో. సవ్యదిశలో తిరిగితే 1, అపసవ్యంగా తిరిగితే 0. డీర్యామ్‌లో ప్రతి సెల్‌నూ 64 మిల్లీసెకన్లకోసారి మళ్లీ నింపాలి. ఇక్కడ దాచి ఉంచడానికి ఖర్చే లేదు.

రాయదుర్గం_చిప్స్: అన్నా, డీర్యామ్‌నైనా బాగా చల్లబరిస్తే చార్జ్ లీకేజీ పడిపోతుంది, అలా మళ్లీ నింపడం (రిఫ్రెష్) పెద్దగా అక్కర్లేదు. కాబట్టి ఆ లెక్క చెల్లదు. అసలు చిక్కు సైజు. లూప్‌లో పట్టే ఫ్లక్స్ క్వాంటం, అంటే అయస్కాంత ఫ్లక్స్‌లో అతి చిన్న మోతాదు, ప్రకృతి ఇచ్చిన స్థిరాంకం, మనం తగ్గించలేం. జోసెఫ్‌సన్ జంక్షన్ (రెండు సూపర్‌కండక్టర్ల మధ్య పలుచని అడ్డు) కరెంటు 100 మైక్రోఆంపియర్లయితే, కరెంటూ ఇండక్టెన్సూ గుణిస్తే ఆ క్వాంటం రావాలి కాబట్టి, లూప్ ఇండక్టెన్స్ 20 పికోహెన్రీల దగ్గర ఉండాలి. అంత ఇండక్టెన్స్‌కు తీగ పొడవు కావాలి. అందుకే ఇన్నేళ్లయినా ఈ చిప్‌లు ఎక్కువగా కిలోబిట్లు దాటలేదు. ఐబీఎం జోసెఫ్‌సన్ కంప్యూటర్ ప్రాజెక్టును 1983లో ఆపేయడానికి పెద్ద కారణం మెమరీ చిప్పే కదా.

ఓయూ_ఫిజిక్స్: అన్నా, ఒక డౌట్. రాయడం అర్థమైంది. తిరుగుతున్న కరెంటును చెదరగొట్టకుండా చదివేదెట్ల?

రింగుకరెంట్: మంచి ప్రశ్న తమ్ముడూ. లూప్‌లోని జోసెఫ్‌సన్ జంక్షన్ మీదుగా చిన్న రీడ్ కరెంటు పంపుతారు. లూప్ కరెంటూ ఇదీ ఒకే దిక్కున ఉంటే రెండూ కలిసి జంక్షన్ హద్దు దాటతాయి, ఒక పల్స్ వస్తుంది: ఎత్తు మిల్లీవోల్ట్, వెడల్పు రెండు పికోసెకన్లు, అటూ ఇటుగా. ఎదురుగా ఉంటే ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి, పల్స్ రాదు. ఇలా చదివితే కొన్ని డిజైన్లలో బిట్ చెరిగిపోతుంది, మళ్లీ రాయాలి. డీర్యామ్‌లోనూ అంతే, చదివితే కెపాసిటర్ ఖాళీ. చెరగకుండా ఉండాలంటే పక్కనే ఇంకో స్క్విడ్ (అయస్కాంత ఫ్లక్స్‌ను పసిగట్టే, జంక్షన్లున్న సూపర్‌కండక్టర్ లూప్) పెట్టి దాంతో ఫ్లక్స్‌ను చూడాలి. దానికి చోటు కావాలి, సైజు విషయంలో చిప్స్ తమ్ముడిదే న్యాయం.

రాయదుర్గం_చిప్స్: ఇంకొకటి చెప్పన్నా. ర్యాంప్ అయ్యాక మీరు కరెంట్ లీడ్స్, అంటే సప్లై నుంచి కాయిల్‌కు దిగే తీగలు, ఏం చేస్తారు?

రింగుకరెంట్: పీకేస్తాం. ఉంచితే వాటి వెంట వేడి దిగి హీలియం ఆవిరవుతుంది.

రాయదుర్గం_చిప్స్: చిప్‌లో పీకలేరు. అదే నా వాదన. ప్రతి రీడ్‌కూ రైట్‌కూ లైన్లు నడవాలి, మీ పద్ధతిలోనైతే హీటర్ కూడా. నాలుగు కెల్విన్ల దగ్గర ఒక వాట్ వేడి తీయడానికి పెద్ద ప్లాంట్లలోనే బయట కొన్ని వందల వాట్లు పోతాయి.

రింగుకరెంట్: ఆ దెబ్బ గట్టిదే, ఒప్పుకుంటాను. కానీ అది మీకూ తగులుతుంది. డీర్యామ్ బయట పెడితే ప్రతి డేటా లైనూ గది ఉష్ణోగ్రత నుంచి హీలియం దాకా దిగిన లీడే. ప్రాసెసర్ నడిచినంతసేపూ ఒక్కటీ పీకలేరు. నా హీటర్ రాసే సెల్ దగ్గర, రాసే క్షణంలోనే వెలుగుతుంది. మీరు చెప్పిన కిలోబిట్లనే క్యాష్‌గా (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీగా) లోపల పెట్టండి, కిందికి దిగే లైన్లు ఎన్ని తగ్గుతాయో లెక్కేసి చెప్పండి.

రాయదుర్గం_చిప్స్: క్యాష్ వరకైతే వేరే మాట. ఒక్కో లైన్ ఎంత వేడి మోస్తుందో వేసి రేపు రాత్రి పెడతాను.