చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే నేలలో) పిట్టల జాగ కాపాడాలంటే గ్రామసభలో ఏం రాయించాలి? బతుకమ్మ లోపు ఏం చేయొచ్చు? (అడిగింది ‘పరకాల వైపు’; జవాబిచ్చినవాళ్లు ‘మత్తడి’, ‘తూముకాడ’, ‘గునుగుపూలు’.)

పరకాల వైపు: ఊరి చెరువు 40 ఎకరాలు. మత్తడి పక్కన ఈతచెట్లు, నల్లతుమ్మలు ఉన్న రెండెకరాల్లో గిజిగాళ్ల గూళ్లు వేలాడుతుంటాయి. ఎండాకాలం శిఖంలో తీతువులు గుడ్లు పెడతాయి. సుందరీకరణ అని జేసీబీతో చదును చేసి, హైమాస్ట్ లైట్లు పెడదామంటున్నారు. గ్రామసభలో ఏం అడగాలి? బతుకమ్మకు ఊరంతా కట్ట మీదికే వస్తుంది, దాన్ని ఎట్లా వాడుకోవాలి?

మత్తడి: "పర్యావరణాన్ని కాపాడాలి" అని రాయిస్తే ఆ తీర్మానం ఎవరికీ అడ్డు రాదు. సర్వే నంబరు, మత్తడి నుంచి ఎన్ని గజాలు, ఏ నెలల్లో ఏ పని చేయొద్దు అన్నవి రాయించండి. చెరువు నీటిపారుదల శాఖది, పంచాయతీ ఒక్కటే ఆపలేదు. తీర్మానం నకలు ఆ శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు), తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకోండి. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) రాళ్లు లేకపోతే ముందు సర్వే అడగండి, హద్దు తెలియకుండా వాదన నిలవదు. ఊరు కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో ఉంటే భవన నిర్మాణ నియమాల 168 జీవో పనికొస్తుంది. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల లోపు కట్టడాలు కూడదు. మీ చెరువు 16 హెక్టార్లు దాటుతుంది.

ఇంకోటి, 2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి. చాలా ఊళ్లలో పేర్లు రాసి వదిలేస్తారు. ఆ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో ఈ రెండెకరాలు, చెట్ల లెక్క, గూళ్లు కట్టే నెలలు ఎక్కించండి. రేపు చదును చేస్తామని వచ్చినప్పుడు చూపించడానికి ఊరి చేతిలో రాతపూర్వక ఆధారం ఉంటుంది.

తూముకాడ: నెలల సంగతి. తీతువు గూడు అల్లదు. ఎండిన శిఖంలో చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు, మధ్యలో మట్టిరంగు గుడ్లు నాలుగు. పక్కనే నిలబడ్డా కనపడవు. పూడిక తీసేది కూడా సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లోనే. పూడిక ఆపమంటే రైతులు ఒప్పుకోరు, ఆపాల్సిన పని కూడా లేదు. ట్రాక్టర్లకు ఒకటే దారి సున్నంతో గీయండి, లోతుగా ఉండే తూము వైపు నుంచి తవ్వించండి, పల్చటి అంచులు ముట్టనీయకండి. పిట్ట తలమీద తిరుగుతూ అరిచే చోట జెండా పాతితే డ్రైవర్ పక్కకు తిప్పుకుంటాడు.

గిజిగాడిది వానాకాలం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కొమ్మ కొట్టకుండా ఉంటే చాలు. తుమ్మలు తీయాల్సిందే అంటే సర్కారు తుమ్మ తీయండి, నల్లతుమ్మ వదలండి. రెంటికీ తేడా చెప్పకపోతే జేసీబీ అన్నీ పీకేస్తుంది.

గునుగుపూలు: ఇక బతుకమ్మ. గునుగు ఎవరూ నాటరు, చేను గెట్ల మీద దానంతట అదే మొలుస్తుంది. కలుపుమందు కొట్టిన గెట్టు మీద రాదు. పండుగ దాకా గెట్టుకు రెండడుగులు మందు కొట్టొద్దని రైతులతో ముందే మాట్లాడండి. ఉన్న పూలన్నీ కోయొద్దు, మూడింట ఒక వంతు వదలాలి. ఎండిన కంకిని అరచేతిలో దులిపితే నల్లగా మెరిసే సన్న గింజలు రాలుతాయి, వచ్చే ఏటి మొలక వాటి నుంచే.

తంగేడుకు కత్తి వాడి జానెడు కొస కోయండి. కొమ్మ మెలిపెట్టి విరిస్తే బెరడు చీరుకుపోయి చెట్టు ఎండుతుంది. కాయలు గోధుమరంగుకు వచ్చాక విత్తనం ఏరండి. పొట్టు గట్టిది. మరిగించి దించిన నీళ్లు కాస్త చల్లారాక పోసి రాత్రంతా ఉంచితే ఉబ్బినవే విత్తాలి, ఉబ్బనివి మళ్లీ నానబెట్టాలి. ఫిబ్రవరిలో సంచికి రెండు గింజలు, వానలు పడ్డాక ఐదడుగుల ఎడం. పశువులు పెద్దగా ముట్టవు కాబట్టి కంచె ఖర్చు తగ్గుతుంది. కట్ట మీద మాత్రం నాటొద్దు, వేర్ల వెంట నీరు ఊరుతుందని ఇంజనీర్లు పీకిస్తారు, వాళ్లదే నిజం. పంచాయతీ బడ్జెట్‌లో పచ్చదనానికి పెట్టే డబ్బు ఉంటుంది, నర్సరీలో ఈ తంగేడు మొక్కలే అడగండి.

నిమజ్జనం మెట్ల దగ్గర ఒకేచోట పెట్టండి. గునుగుకు అద్దే రంగులు నీళ్లలో దిగుతాయి, అద్దొద్దని మహిళా సంఘాలతో చెప్పించండి. పసుపు, కుంకుమ కవర్లకు మెట్ల పైనే గంప పెట్టండి.

పరకాల వైపు: థాంక్సండీ. ఈతచెట్ల విషయం గౌడ సంఘం వాళ్లతో మాట్లాడాలా?

మత్తడి: తప్పకుండా అన్నా, గ్రామసభకంటే ముందే. చెట్ల మీద వాళ్లకు హక్కు ఉంటుంది, చేపల మీద మత్స్య సంఘానికి. వాళ్లను అడగకుండా తీర్మానం పెడితే సభలోనే అడ్డం తిరుగుతారు. "కల్లు గీత ఆపం, చెట్టు కొట్టనీయం" అని రాస్తే వాళ్లే ముందు చెయ్యెత్తుతారు. లైట్ల మాట కూడా అక్కడే తేల్చండి. మెట్ల వైపు తిప్పిన నాలుగు దీపాలు పండుగ తొమ్మిది రోజులకు చాలు, ఏడాదంతా హైమాస్ట్ ఎందుకు? దసరాకు పాలపిట్టను పంజరంలో పెట్టి చూపించడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమని అదే సభలో చాటింపు వేయించండి.