ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ ఉన్నాయి, రెండింటితో ఒకేసారి పని చేయించవచ్చా?

నల్లగొండ విద్యార్థి:

అందరికీ నమస్కారం. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్ని బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రాములో తయారుచేస్తున్నాను. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా కదలకుండా నిలిచే నీడ కంప్యూటర్‌లో కూడా పడుతుందా అన్నది చూడాలి. సూర్యుణ్ని ఉదయం నుంచి సాయంత్రం వరకు నడిపించి చిన్న వీడియో తీద్దామంటే ఒక్కో ఫ్రేముకే బోలెడంత సమయం పోతోంది. వెలుతురు నేరుగా లోపలికి రాదు, స్తంభాల మధ్య నుంచి చెదిరి వస్తుంది. అందుకే బ్లెండర్‌లో వెలుతురు దారులను లెక్కగట్టి బొమ్మ గీసే సైకిల్స్‌లో చేయక తప్పడం లేదు.

నా ల్యాప్‌టాప్‌లో ఐ5-12450హెచ్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. విండోస్ 11. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ 0 అని ఇంటెల్ యూహెచ్‌డీ, జీపీయూ 1 అని ఎన్విడియా కనిపిస్తాయి. రెండర్ (బొమ్మను లెక్కగట్టి గీయడం) నడిచేటప్పుడు ఇంటెల్ ఊరికే కూర్చుంటోంది. విచిత్రం ఏమిటంటే ఎన్విడియా కూడా ఒక్కోసారి 2, 3 శాతమే చూపిస్తోంది, ఫ్యాన్లు మాత్రం హోరెత్తుతున్నాయి. కొన్నప్పుడు దుకాణంలో "నాలుగు, ఎనిమిది కలిపి మొత్తం 12 జీబీ గ్రాఫిక్స్" అన్నారు. రెండింటినీ కలిపి వాడే మార్గం ఉందా?

పాలమూరు ల్యాబ్:

ఒకే ఫ్రేమును ఆ రెండూ కలిసి గీయలేవు తమ్ముడూ. వేర్వేరు పనులు మాత్రం ఒకేసారి చేయగలవు. నీ ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు కూడా అదే జరుగుతోంది.

ముందు ఆ 12 జీబీ సంగతి. ఎన్విడియాకు సొంతంగా ఉన్నది 4 జీబీయే. దుకాణదారు చెప్పిన ఎనిమిది నీ 16 జీబీ ర్యామ్‌లో సగం. అవసరం పడితే గ్రాఫిక్స్ అంతవరకు వాడుకోవచ్చని విండోస్ ఇచ్చిన అనుమతి అది. ఆ ఎనిమిదినే ఇంటెల్ పేరు మీదా చూపిస్తుంది, ఎన్విడియా పేరు మీదా చూపిస్తుంది. ఆ లెక్కన దుకాణదారు ఇరవై అని కూడా చెప్పి ఉండవచ్చు, పాపం మొహమాటపడ్డారు. పైగా రెండు రకాల మెమరీ వేగాలకు పొంతన లేదు. 3050 సొంత మెమరీ సెకనుకు 192 జీబీ దాకా అందిస్తుంది. డీడీఆర్4-3200 ర్యామ్ రెండు స్టిక్కులు పెట్టినా 51.2 దగ్గర ఆగిపోతుంది. ఎన్విడియా ఆ ర్యామ్ దాకా వెళ్లాలంటే కార్డును ప్రాసెసర్‌కు కలిపే పీసీఐ దారిలో పోవాలి, అది ఇంకా ఇరుకు. నీ గుడి రాళ్లకు పెద్ద పెద్ద ఫోటోలు అతికించి 4 జీబీ దాటించావంటే రెండర్ కుంటుపడేది అక్కడే. బ్లెండర్ రెండర్ సెట్టింగుల్లో సింప్లిఫై విభాగంలో టెక్స్చర్ లిమిట్ (అతికించే ఫోటోల గరిష్ఠ పరిమాణం) తగ్గించి ఒకసారి చూడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. బ్లెండర్ ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ కిందకు వెళితే కార్డుతో లెక్కలు చేయించే పద్ధతులు క్యుడా, ఆప్టిక్స్, హెచ్ఐపీ, వన్ఏపీఐ అని వరుసగా ఉంటాయి. వాటిలో ఒక్కదాన్నే ఎంచుకోవాలి. ఆప్టిక్స్ కింద గ్రాఫిక్స్ కార్డుల్లో ఎన్విడియావే వస్తాయి. ఇంటెల్‌ది వన్ఏపీఐ, అది కూడా ఆర్క్ తరగతి గ్రాఫిక్స్ నుంచే మొదలు. నీ యూహెచ్‌డీని సైకిల్స్ గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఒకేలాంటి ఎన్విడియా కార్డులు రెండున్న డెస్క్‌టాప్ అయితే రెండింటికీ టిక్కు పెట్టి పని పంచవచ్చు. అప్పుడు కూడా మామూలుగా మెమరీలు కలవవు, దృశ్యమంతా రెండు కార్డుల్లోకీ విడివిడిగా ఎక్కాల్సిందే.

పోనీ ఏదో విధంగా ఇంటెల్‌ను కూడా జతచేశావనుకో. ఎద్దును, లేగదూడను ఒకే కాడికి కట్టినట్లు ఉంటుంది. యూహెచ్‌డీ ప్రాసెసర్‌లో భాగం, ప్రాసెసర్ తినే కరెంటులోనే దానికీ వాటా. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ వేడిని, ఎన్విడియా వేడిని మోసేవి కూడా ఒకే రాగి గొట్టాలు. మే నెలలో మన దగ్గర గదిలో గాలే కాగుతుంటే ఆ గొట్టాలు ఎవరి వేడిని మోయాలి? ఇంటెల్ చేసిన కాస్త పని కంటే ఎన్విడియా వేడెక్కి తగ్గించుకున్న వేగమే ఎక్కువ కావచ్చు.

ఆ 2, 3 శాతం సంగతి. టాస్క్ మేనేజర్ మొదట చూపించేవి త్రీడీ, కాపీ, వీడియో గ్రాఫులు. సైకిల్స్ లెక్కలు వాటిలోకి రావు. గ్రాఫు పేరు మీద నొక్కితే జాబితా తెరుచుకుంటుంది, అందులో క్యుడా ఉంటే అది పెట్టు. లేకపోతే పక్కనే చూపించే ఉష్ణోగ్రతను గమనించు. ఫ్యాన్లు హోరెత్తుతున్నాయంటే కార్డు ఊరికే లేదు.

మిర్యాలగూడ పెళ్లి వీడియోలు:

ల్యాబ్ సార్ చెప్పింది రెండరింగ్‌కు సరే, కానీ మా పనిలో రెండూ నిజంగానే కలిసి పనిచేస్తాయి. ఇప్పటి కెమెరాల్లో పెళ్లిళ్లను 10 బిట్ 4:2:2లో (రంగుల వివరం ఎక్కువగా ఉండే పద్ధతి) తీస్తున్నాం. హెచ్.265 (వీడియోను కుదించే పద్ధతి)లో ఉన్న ఆ ఫైలును 3050 హార్డ్‌వేర్‌లో విప్పలేదు. ఎన్విడియాలో ఆ సదుపాయం 2025లో వచ్చిన 50 సిరీస్ నుంచే. ఇంటెల్ 12వ తరం చిప్పులోని చిన్న గ్రాఫిక్స్ మాత్రం హాయిగా విప్పుతుంది. ఎడిటింగ్ ప్రోగ్రాము ప్రీమియర్ ప్రోలో ఫైలు విప్పడం ఇంటెల్ చూసుకుంటుంది, రంగులు, ఎఫెక్టులు ఎన్విడియా చూసుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ 0 కింద వీడియో డీకోడ్, జీపీయూ 1 కింద త్రీడీ రెండూ లేస్తుంటే కళ్లారా చూడవచ్చు.

అందుకే ఒక మాట. "ఎన్విడియా ఉండగా ఇంటెల్ ఎందుకు, డివైస్ మేనేజర్‌లో డిసేబుల్ చేసేయండి" అని సలహా ఇచ్చేవాళ్లు ఊరికొకరు ఉన్నారు. మా దగ్గర పనిచేసే అబ్బాయి అలాగే చేశాడు. తలంబ్రాల ఘట్టం టైమ్‌లైన్ మీద ముక్కలు ముక్కలుగా ఆడింది. మళ్లీ ఎనేబుల్ చేసేదాకా అంతే.

పాలమూరు ల్యాబ్:

మీరన్నదీ నేనన్నదీ ఒకటే సార్. విప్పేది ఒకరు, రంగు వేసేది ఒకరు. మామూలు ల్యాప్‌టాప్‌లో ఆటలు ఆడినా పని విభజన ఇలాగే ఉంటుంది. తెర తీగ ఇంటెల్‌కు కలిపి ఉంటుంది. ఎన్విడియా బొమ్మ గీసి ఇంటెల్ మెమరీలోకి కాపీ చేస్తే, ఇంటెల్ దాన్ని తెర మీద చూపిస్తుంది. 2010లో వచ్చిన ఎన్విడియా ఆప్టిమస్ పద్ధతి ఇదే. కూర్చుని ఉందని మన తమ్ముడు నిందిస్తున్న ఇంటెలే అతనికి ఆ ప్రశ్న రాసిన తెరను చూపించింది.

సూర్యాపేట:

నా ప్రశ్న ఆటల గురించి. రెండు కార్డులను కలిపే ఎస్‌ఎల్‌ఐ ల్యాప్‌టాప్‌లు ఉండేవి కదా? ఇంటెల్, ఎన్విడియా కలిపి అలా చేయలేమా?

పాలమూరు ల్యాబ్:

ఉండేవి. 2017లో వచ్చిన ఏసర్ ప్రిడేటర్ 21 ఎక్స్‌లో జీటీఎక్స్ 1080లు రెండు. దాన్ని ఒడిలో పెట్టుకునే ధైర్యం ఎవరికుందో కానీ, ల్యాప్‌టాప్ అనే అమ్మారు. ఎస్‌ఎల్‌ఐలో ఒక ఫ్రేము ఒక కార్డు, తర్వాతి ఫ్రేము ఇంకో కార్డు గీస్తాయి. రెండూ సమానంగా ఉంటేనే అది నడుస్తుంది. 2021 జనవరి నుంచి ఎన్విడియా కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు (ఆటల వారీ సెట్టింగులు) కలపడం మానేసింది. ఏఎండీ కూడా తన ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌ను విడి రేడియాన్ కార్డుతో కలిపే డ్యూయల్ గ్రాఫిక్స్ తెచ్చి, తర్వాత వదిలేసింది. వేర్వేరు కంపెనీల గ్రాఫిక్స్‌ను కలిపే వీలు, విండోస్ ఆటలు గ్రాఫిక్స్‌ను వాడుకునే డైరెక్ట్‌ఎక్స్ 12లో ఉంది. ఆట రాసినవాళ్లే దానికి కోడు రాయాలి, రాసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. లాస్‌లెస్ స్కేలింగ్ అనే ప్రోగ్రాము ఆటను ఎన్విడియాతో గీయించి, మధ్య ఫ్రేములను ఇంటెల్‌తో పుట్టించగలదు. యూహెచ్‌డీ స్థాయికి అది బరువే.

నువ్వు ముందు చేయాల్సింది చిన్న పని. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి నీ ఆటకు హై పర్ఫార్మెన్స్ ఎంచుకో. ఆట నెమ్మదిగా ఉందని వచ్చేవాళ్లలో చాలామందికి అది ఇంటెల్ మీద నడుస్తుంటుంది. కరెంటు పోయి బ్యాటరీ మీదకు వస్తే ఎన్విడియా వేగం ఎలాగూ తగ్గుతుంది, దాన్ని పూర్తిగా ఆపే సెట్టింగు లేదు.

నల్లగొండ విద్యార్థి:

సార్, టెక్స్చర్ లిమిట్ పెట్టాక కాస్త నయం. క్యుడా గ్రాఫులో ఎన్విడియా నిండుగా కనిపిస్తోంది. ఇంకో సందేహం. నా ల్యాప్‌టాప్‌లో మక్స్ స్విచ్ ఉంది. ఇంటెల్‌ను పక్కనపెట్టి తెరను నేరుగా ఎన్విడియాకు కలిపితే రెండర్ వేగం పెరుగుతుందా?

పాలమూరు ల్యాబ్:

ఆట అయితే పెరుగుతుంది, కాపీ చేసే పని తప్పుతుంది కాబట్టి. నీకు మాత్రం వద్దు. తెర ఎన్విడియాకు కలిస్తే డెస్క్‌టాప్, బ్రౌజర్, తెరిచిన ప్రతి కిటికీ ఆ 4 జీబీలోనే చోటు తీసుకుంటాయి. హైబ్రిడ్‌లో (తెర ఇంటెల్‌కే కలిసి ఉండే పద్ధతి) ఉంచితే ఆ భారం ఇంటెల్ మీద, అంటే ర్యామ్ మీద పడుతుంది. 4 జీబీ దాదాపు మొత్తం నీ గుడికే మిగులుతుంది. రెండు గ్రాఫిక్స్ ఉన్నందుకు నీకు దక్కే అసలు లాభం ఇదే. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ నేరుగా ఎన్విడియాకే కలిపి ఉంటుంది. బయటి మానిటర్ పెట్టుకుంటే రెండర్ వేళకు అది తీసెయ్.

ఆప్టిక్స్ జాబితాలో ప్రాసెసర్ పేరు కూడా ఉంటుంది. దానికి టిక్కు పెట్టి ఒక ఫ్రేము, తీసేసి అదే ఫ్రేము రెండర్ చేసి చూడు. ల్యాప్‌టాప్‌ను బట్టి ఫలితం మారుతుంది, వేడి వల్ల కొన్నిటిలో టిక్కు లేకుండానే ముందు పూర్తవుతుంది.

గర్భగుడి లాంటి చీకటి గదికి ద్వారం దగ్గర ఏరియా లైట్ పెట్టి దాన్ని పోర్టల్‌గా మార్చు. లేకపోతే ఆకాశపు వెలుతురు ఎటు నుంచి వస్తుందో వెతకడంలోనే శాంపిళ్లు (బొమ్మలో ఒక్కో చుక్కకు వేసే కిరణాలు) ఖర్చయిపోతాయి. డిఫ్యూజ్ బౌన్సులు మరీ తగ్గించకు. ఆ నీడ పుట్టేదే గోడలకు తగిలి తిరిగివచ్చే వెలుతురు మధ్య. శాంపిళ్లు మరీ తక్కువ పెట్టి డీనాయిజర్ (బొమ్మలోని రవ్వలను తుడిచే సాధనం) మీద భారం వేస్తే అంత మెత్తని నీడను మరక అనుకుని తుడిచేయవచ్చు. చివరి రెండర్‌కు పొదుపు వద్దు.

నల్లగొండ విద్యార్థి:

చాలా సంతోషం సార్. స్నేహితుడి ల్యాప్‌టాప్‌ను కూడా కలుపుకోవచ్చా?

పాలమూరు ల్యాబ్:

కలుపుకో, రెండు కార్డుల బలం నిజంగా కలిసేది అలాగే. రెండు యంత్రాలకూ ఒకే ఫోల్డరు కనిపించేలా నెట్‌వర్క్‌లో పెట్టి, అవుట్‌పుట్‌లో ఓవర్‌రైట్ తీసేసి ప్లేస్‌హోల్డర్స్‌కు టిక్కు పెట్టు. ఒకటి మొదలుపెట్టిన ఫ్రేమును రెండోది వదిలేసి తర్వాతిది అందుకుంటుంది. వీడియో ఫైలుగా తీయకు, పీఎన్‌జీ బొమ్మలుగా తియ్. కరెంటు పోయినా అయిపోయిన ఫ్రేములు భద్రంగా ఉంటాయి.

మిర్యాలగూడ పెళ్లి వీడియోలు:

తమ్ముడూ, ఇప్పుడు మూఢం. ముహూర్తాలు లేవు, మా ఎడిటింగ్ గదిలో 12 జీబీ 3060 ఉన్న డెస్క్‌టాప్ ఖాళీగా ఉంది. ఈ 12 జీబీ దుకాణం లెక్క కాదు, నిజమైనదే. ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకో. టెక్స్చర్లు ఫైలులోనే ప్యాక్ చేసి తీసుకురా, లేకపోతే గుడి అంతా గులాబీ రంగులో వస్తుంది. నీ దగ్గర ఏ బ్లెండర్ వెర్షన్ ఉందో ముందే చెప్పు, అదే వేసి ఉంచుతాను.