మోటారు ఆగగానే ఎంపీయూ-6050 కదలిక సెన్సరు ఆగిపోతోంది, దారి చెప్పండి

మాది అనంతపురం. మేకర్‌స్పేస్ క్లాసులో పిల్లలతో మణికట్టు బ్యాండు చేయిస్తున్నాం. శెనక్కాయ చెట్లు పీకేటప్పుడు చెయ్యి ఎన్నిసార్లు గుంజిందో లెక్కపెట్టి, హద్దు దాటితే వైబ్రేట్ అవ్వాలి.

ఈఎస్‌పీ32-సీ3 బోర్డు, ఎంపీయూ-6050 మాడ్యూలు, 300 ఎంఏహెచ్ లిపో బ్యాటరీ, 10 మిల్లీమీటర్ల బిళ్ల మోటారు వాడాం. సెన్సరు కొలిచే హద్దు ±2జీలో ఉన్నప్పుడు గుంజు బలానికి రీడింగు గరిష్ఠ విలువైన 32767 దగ్గర కొట్టుకుని నిలిచిపోయేది, ±8జీకి మార్చాక సరిపోయింది. ఛార్జింగు మాడ్యూలు టీపీ4056. దాని 1.2 కిలో ఓముల రెసిస్టరుతో 1 ఆంపియరు పోతుంది, ఇంత చిన్న బ్యాటరీకి అది చాలా ఎక్కువ. అందుకే 4.7 కిలో ఓములు పెట్టాం.

చిక్కంతా మోటారుతోనే. అది ఆగిన క్షణంలో ఒక్కోసారి ఐ2సీ (బోర్డు, సెన్సరు మాట్లాడుకునే రెండు వైర్ల లైను) బిగుసుకుపోతుంది. ఎస్‌డీఏ అనే డేటా వైరు సున్నా వోల్టుల దగ్గరే ఉండిపోతుంది. బోర్డు రీసెట్ చేసినా లాభం లేదు, సెన్సరుకు పవర్ తీసి పెడితేనే తేరుకుంటుంది. మోటారు తిన్నగా బ్యాటరీ నుంచే, 2ఎన్2222 ట్రాన్సిస్టరు మీదుగా నడుస్తుంది. డయోడు ఉంది, దిక్కు సరిచూశాం. సెన్సరు అరచేతి వెనక కుట్టాం కాబట్టి వైర్లు 15 సెంటీమీటర్లు, మోటారు వైర్లు వాటి పక్కనే పోతున్నాయి. నా అనుమానం ఆ పక్కపక్క పరుగు మీదే.

మోటారు కాళ్ల దగ్గరే 100 నానోఫారడ్ కెపాసిటరు వేస్తే చాలా, బ్యాటరీ దగ్గర 100 మైక్రోఫారడ్ కూడా కావాలా? ఎస్‌సీఎల్ (క్లాక్ వైరు) మీద 9 పల్సులు పంపి లైను విడిపించడం నమ్మదగిన పనేనా? లేక సెన్సరు పవర్‌ను మాస్‌ఫెట్‌తో (స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టరు) కట్ చేసి మళ్లీ ఇవ్వడమే మేలా? ఇలాంటి బ్యాండు కట్టి చూసినవాళ్లు వైర్లు ఎలా వేశారో కూడా చెప్పండి. చెమటకు సోల్డరు కీళ్లు పాడవకుండా ఏం పూశారో చెప్తే ఇంకా మంచిది.