ఎం2 మ్యాక్‌లో డాంగిల్ ఉన్న విండోస్ సాఫ్ట్‌వేర్ నడుస్తుందా?

చీమకుర్తిలో గ్రానైట్ పలకల మీద పేర్లు, దేవుడి బొమ్మలు చెక్కే సీఎన్‌సీకి (కంప్యూటర్‌తో నడిచే చెక్కుడు మెషిన్) డిజైన్లు చేస్తాం. మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం2, 8 జీబీ ర్యామ్. ఈ చిప్‌కి బూట్ క్యాంప్ (మ్యాక్‌లో నేరుగా విండోస్ వేసే పద్ధతి) లేదు కాబట్టి, మ్యాక్ లోపలే విండోస్ నడిపే ప్యారలల్స్ యాప్‌లో విండోస్ 11 ఆర్మ్ (ఆర్మ్ రకం చిప్‌ల కోసం చేసిన విండోస్) వేశాం, దానికి 4 జీబీ ఇచ్చాం.

మా డిజైన్ సాఫ్ట్‌వేర్ ఆస్పైర్ బాగానే తెరుచుకుంటోంది. అక్షరాల టూల్‌పాత్ (చెక్కే పనిముట్టు కదిలే దారి) చకచకా వస్తుంది, పెద్ద 3డీ రిలీఫ్ (ఉబ్బెత్తు బొమ్మ) అయితే నత్తనడకే. అది ర్యామ్ గొడవ, సరే. జీకోడ్‌ని (మెషిన్‌కి ఇచ్చే ఆదేశాల ఫైల్) పెన్‌డ్రైవ్‌లో మెషిన్‌కి తీసుకెళ్తాం కాబట్టి అటు చిక్కు లేదు.

అసలు తంటా యూఎస్‌బీ డాంగిల్ (పెట్టి ఉంటేనే ప్రోగ్రామ్ నడిచే లైసెన్స్ తాళం) ఉన్న పాత రిలీఫ్ సాఫ్ట్‌వేర్‌తో. డివైజ్ మేనేజర్‌లో డాంగిల్ పక్కన పసుపు గుర్తు. విండోస్ ఆర్మ్ ఎక్స్86 (ఇంటెల్ రకం చిప్‌ల) ప్రోగ్రాములను ఎమ్యులేట్ చేస్తుంది (అనుకరించి నడుపుతుంది) గానీ డ్రైవర్లను చేయదు, అవి ఆర్మ్64వే కావాలి. మా దగ్గరున్నది ఇంటెల్ రకం పీసీలకు చేసిన ఎక్స్64 డ్రైవరే.

డాంగిల్‌ని పాత ఇంటెల్ పీసీకి పెట్టి, మ్యాక్ నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో వాడొచ్చా? కొన్ని డాంగిళ్లు ఆ సెషన్‌లో లైసెన్స్ ఇవ్వవు కదా. ఎనీడెస్క్ అనే మరో రిమోట్ యాప్‌తో అయితే ఆ పేచీ ఉండదా? వాడినవాళ్లు చెప్పండన్నా.