కడప కేంద్రం వింటుంటే రేడియోలో బుర్రుమనే రొద: మూలం కనిపెట్టడం ఎలా?

ప్రశ్న (ప్రొద్దుటూరు):
మా నాన్నగారు ఆకాశవాణి కడప కేంద్రాన్ని 900 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్‌లో ఇప్పటికీ ప్రతిరోజూ వింటారు. కొంతకాలంగా చీకటి పడగానే మొదలయ్యే రొద వల్ల వార్తలు కూడా అర్థం కావడం లేదు. పగలు అది చాలా తక్కువ. ఎఫ్‌ఎంలో అసలు లేదు. రేడియో మార్చినా ఫలితం లేదు. ఇది మా ఇంటిలోనిదా, వీధి తీగలదా అని తేల్చుకొనే పద్ధతి తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (కర్నూలు):
రేడియోను సెల్స్‌తో నడుపుతూ ఇంటి మెయిన్ ఆపి చూడండి. ఇన్వర్టర్ ఉంటే దానినీ పూర్తిగా ఆపాలి. లేకపోతే మెయిన్ పోగానే అది పని మొదలుపెట్టి, తానే రొద పుట్టించి మిమ్మల్ని తప్పుదారి పట్టించవచ్చు. రొద ఆగితే మూలం ఇంట్లోనే ఉన్నట్టు. ఒక్కొక్క స్విచ్చే వేస్తూ పోతే అది బయటపడుతుంది. సాయంత్రమే వస్తోందంటే నా మొదటి అనుమానం ఎల్‌ఈడీ దీపాల మీద, ఆ తర్వాత చార్జర్లు, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ల మీద. వీటిలోని సర్క్యూట్ సెకనుకు వేలసార్లు కరెంటును తెంచి కలుపుతుంది. నాసిరకం వాటిలో ఫిల్టర్ సరిగా లేక, ఆ వేగానికి రెండింతలు, మూడింతలు ఇలా గుణిజాలైన తరంగాలు పుట్టి మీడియం వేవ్ అంతటా పరుచుకుంటాయి.

జవాబు (కడప):
మీడియం వేవ్‌కు యాంటెన్నా రేడియో లోపలి ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న నల్లని పదార్థం) కడ్డీయే కాబట్టి, బల్లమీద రేడియోను మెల్లగా తిప్పి చూడండి. కడ్డీ కొన రొద వచ్చే వైపు తిరిగినప్పుడు రొద బాగా తగ్గుతుంది. అయితే ప్రొద్దుటూరుకు కడప ఆగ్నేయంగా ఉంది. కొన అటు తిరిగితే కేంద్రం కూడా సన్నగిల్లుతుంది. అలాంటప్పుడు రేడియోను దీపాలకు, గోడలోని వైరింగుకు దూరంగా జరపడమే మేలు. నాలుగడుగుల దూరమే చాలా మార్పు తెస్తుంది. దోషి అడాప్టర్ అయితే, దాని తీగను అడాప్టర్‌కు దగ్గరగా ఫెర్రైట్ రింగులో అనేక చుట్లు చుట్టండి. చుట్లు రెట్టింపైతే అడ్డగించే శక్తి సుమారు నాలుగింతలవుతుంది, కనుక ఒక్క చుట్టుతో ఆశ వదులుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. హాలులోని ఎల్‌ఈడీ ట్యూబు ఆపగానే రొద చాలావరకు పోయింది. మెయిన్ ఆపినా చిటపటలు మాత్రం మిగిలే ఉన్నాయి.

జవాబు (కర్నూలు):
ఆ ట్యూబు మార్చండి. చిటపటలు పక్కింటి నుంచీ రావచ్చు. వాన పడ్డాక తగ్గితే మాత్రం, స్తంభం మీద కరెంటు తీగను పట్టి ఉంచే ఇన్సులేటర్ దుమ్ము పట్టిన చోటో వదులైన బిగింపు దగ్గరో నిప్పురవ్వలు లేస్తున్నాయని అనుమానించాలి. రేడియోతో వీధిలో నడిచి, చప్పుడు అన్నిటికన్నా హెచ్చుగా ఉన్న స్తంభం నంబరు రాసుకొని విద్యుత్ ఫిర్యాదుల ఫోన్ నంబరు 1912కు ఫిర్యాదు చేయండి. స్తంభాన్ని గానీ స్టే తీగను (స్తంభం ఒరగకుండా నేలకు లాగి కట్టిన తీగ) గానీ ఎట్టి పరిస్థితిలోనూ తాకవద్దు.