తమ్ముడి సెక్యూరిటీ క్లియరెన్స్ ఫారంలో ఇక్కడి మా ఇంటి వివరాలు ఎలా రాయాలి?

పరకాల_పెద్దన్న (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది పరకాల. మా తమ్ముడు 2014 ఆగస్టులో చదువు కోసం అమెరికా వెళ్లి, గ్రీన్‌కార్డు వచ్చాక అక్కడి సైన్యంలో చేరి, 2022లో ఆ దేశ పౌరసత్వం తీసుకున్నాడు. ఇప్పుడు అతను మారదలచుకున్న కొత్త పనికి సీక్రెట్ స్థాయి క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూసేందుకు అనుమతి, కావాలట. అందుకోసం ఎస్‌ఎఫ్-86 అనే పెద్ద ఫారం నింపుతూ, మొన్న ఆదివారం ఫోన్ చేసి మా అందరి వివరాలు అడిగాడు. బీరువాలోని కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను గానీ, ఒక దానితో మరొకటి కలవడం లేదు.

బాపు పుట్టింది 1954లో, అంటే అది హైదరాబాద్ రాష్ట్రం. ఆయన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరై, పింఛను తీసుకుంటున్నారు. అమ్మకు జనన ధ్రువపత్రం లేదు. ఆధార్‌లో జనవరి 1 అని ఉంది, ఆమె మాత్రం బతుకమ్మ పండుగకు నాలుగు రోజుల ముందు పుట్టానని చెబుతుంది. తమ్ముడి పాత పాస్‌పోర్టులో వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉంటే, బాపు ఆధార్‌లో వరంగల్ రూరల్ అని, కొత్త కాగితాల్లో హనుమకొండ అని ఉంది.

ఇవి కాక ఇంకో మూడు సంగతులు మమ్మల్ని కలవరపెడుతున్నాయి. బాపు 2013లో తమ్ముడి పేరిట ఎకరం ఇరవై గుంటలు పట్టా చేయించారు. దాని మీద రైతుబంధు డబ్బులు పరకాలలోని తమ్ముడి ఖాతాలోనే పడేవి. మా అక్క భర్త భారత సైన్యంలో సుబేదారు. తమ్ముడు తాను అన్నా అని పిలిచే మా పెద్దనాన్న కొడుకుతో వారం వారం మాట్లాడుతుంటాడు. భూమి సంగతి, బావ సంగతి రాస్తే క్లియరెన్స్ రాదేమో, వదిలేయమని చెప్పు అని బాపు అంటున్నారు. హనుమకొండలో ఒకాయన నలభై వేలు ఇస్తే ఇక్కడి కాగితాలన్నీ సరిచేసి అమెరికాకు పంపిస్తానని చెప్పాడు. ఏం చేయమంటారు?

మానేరు_ఒడ్డు (జవాబు)

అన్నా, ముందుగా ఆ నలభై వేల మనిషిని ఇక ఇంటికి రానివ్వకండి. ఈ దరఖాస్తును ఎవరూ సొంతంగా పెట్టుకోలేరు, మధ్యవర్తి అంతకన్నా పెట్టలేడు. తమ్ముడి యూనిట్‌లో సెక్యూరిటీ మేనేజరు తెరిచిన తరువాతే ఈ-యాప్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఆ ఫారం అతనికి కనబడుతుంది. దర్యాప్తు చేసేది అక్కడి రక్షణ శాఖ కిందనున్న డీసీఎస్‌ఏ అనే సంస్థ. దీనికి దరఖాస్తుదారు పైసా కట్టనక్కరలేదు, ఆ హనుమకొండ మనిషి వాళ్లకు పంపగలిగిన కాగితమంటూ ఏదీ ఉండదు.

మాది హుజూరాబాద్. నేను అమెరికా సైన్యంలో పన్నెండేళ్లు పనిచేశాను, క్లియరెన్స్ దరఖాస్తు రెండుసార్లు నింపాను. బాపుగారి భయం నాకు బాగా తెలుసు, మా నాన్నకూ అదే భయం ఉండేది. కానీ సొంతూరు, అమ్మానాన్నలు, కొద్దిపాటి భూమి ఉన్నంత మాత్రాన క్లియరెన్స్ ఆగదు. నిర్ణయం తీసుకునేవాళ్లు 2017 నుంచి అమలులో ఉన్న పదమూడు మార్గదర్శకాలను చూస్తారు. అందులో విదేశీ ప్రభావం ఒకటి, అప్పులూ ఆర్థిక వ్యవహారాలూ ఒకటి, నిజాయితీ ఒకటి. ఇక్కడి బంధువుల ద్వారా ఎవరైనా అతని మీద ఒత్తిడి తేగలరా, ఇక్కడి ఆస్తి అతని మొత్తం జీవితంలో ఎంత పాటిది అన్నది తూచి చూసి, మనిషిని మొత్తంగా లెక్కలోకి తీసుకుంటారు. పరకాలలోని ఎకరంన్నర అక్కడ జీతం, ఇల్లు ఉన్న మనిషికి పెద్ద బంధనం కాదని చెప్పుకోవచ్చు. దాచిన ఎకరంన్నరకు మాత్రం ఏ సమాధానమూ ఉండదు. ఆ ఫారం కింద సంతకం పెట్టి తెలిసీ అబద్ధం రాస్తే అక్కడి చట్టం ప్రకారం ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం.

నాకు జరిగింది చెబుతాను. మొదటిసారి ఫారం నింపినప్పుడు విదేశీ ఖాతాలు లేవని రాశాను, నాకు తెలిసినంతవరకు అది నిజమే. నాన్న నా పేరిట రెండు లక్షల చిట్టీ వేసి, నెలనెలా తానే కడుతున్న సంగతి నాకు చెప్పలేదు. దర్యాప్తు అధికారి నన్ను కూర్చోబెట్టి ఒక్కొక్క ప్రశ్న మళ్లీ అడుగుతానని కబురు పెట్టిన రోజు రాత్రి, ఎందుకైనా మంచిదని ఇంటికి ఫోన్ చేస్తే, అమ్మ మాటల మధ్యలో చిట్టీ పాట ఎత్తలేదని చెప్పింది. నాకు ఒళ్లు చల్లబడింది. మరునాడు అధికారి ఆ ప్రశ్న దాకా రాకముందే నేనే చెప్పి, చిట్టీ పుస్తకం ఫోటోలు చూపించాను. ఆయన పదిహేను నిమిషాల పాటు చిట్టీ అంటే ఏమిటో, పాట ఎలా పాడతారో, డబ్బు ఎవరి చేతికి వస్తుందో అడిగి రాసుకున్నారు. క్లియరెన్స్ వచ్చింది, కానీ ఆలస్యంగా వచ్చింది. కాబట్టి అన్నా, తమ్ముడి పేరిట చిట్టీ గానీ, ఫిక్స్‌డ్ డిపాజిట్ గానీ, ప్లాటు గానీ ఉందా అని అమ్మను, బాపును విడివిడిగా అడగండి.

ఇక బంధువుల విషయం. ఫారంలో పద్దెనిమిదో భాగం బంధువులది. అందులో తల్లిదండ్రులు, అత్తమామలు, తోడబుట్టినవాళ్లు, పిల్లలు, సవతి వరుసలవాళ్లు వస్తారు, చనిపోయినవాళ్లను కూడా రాయాలి. మనవాళ్లు తడబడేది ఇక్కడే. మనం పెద్దనాన్న కొడుకును అన్న అనే పిలుస్తాం, ఆ అలవాటులో చాలామంది అతన్ని ఈ భాగంలో రాసేస్తారు, లేదంటే ఇందులో చోటు లేదు కదా అని మొత్తానికే వదిలేస్తారు. రెండూ తప్పే. అతను, మీ బావ ఈ భాగంలోకి రారు. గడిచిన ఏడేళ్లలో దగ్గరి సంబంధం, నిలకడగా మాటామంతీ ఉన్న విదేశీ పౌరులకు పంతొమ్మిదో భాగం ఉంది, అక్కడ ఇద్దరినీ రాయాలి. ఎంత తరచుగా మాట్లాడతారు, ఎలా మాట్లాడతారు, వాళ్ల ఉద్యోగం ఏమిటి, ప్రభుత్వంతో గానీ సైన్యంతో గానీ సంబంధం ఉందా అని అడుగుతారు. బావ సుబేదారని ఉన్నదున్నట్టు రాయాలి. బాపుగారు ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పనిచేసి పింఛను తీసుకుంటున్నారు కాబట్టి ఆ సంగతీ రాయాలి. వాట్సాప్‌లో రోజూ మాట్లాడితే రోజూ అనే రాయాలి.

రైతుబంధు గురించి నేరుగా ప్రశ్న ఉంది. అమెరికా పౌరుడిగా ఉండి గడిచిన ఏడేళ్లలో విదేశీ ప్రభుత్వం నుంచి సంక్షేమం వంటి ప్రయోజనం ఏదైనా పొందారా అని అడుగుతారు. 2022లో పౌరసత్వం వచ్చాక పడిన విడతలన్నీ బ్యాంకు పాసుపుస్తకం చూసి రాసుకోండి. ఎకరానికి ఐదు వేల లెక్కన విడతకు ఏడున్నర వేలు, మొత్తం చిన్నదే. విదేశంలో భూమి ఉందా, ఎప్పుడైనా ఖాతా ఉందా, విదేశీ పౌరులకు డబ్బు సాయం చేశారా, విదేశీ ఎన్నికల్లో ఓటు వేశారా అన్న ప్రశ్నలు కూడా ఉన్నాయి. 2014 ఏప్రిల్ 30న తమ్ముడు ఊళ్లో ఓటు వేసి ఉంటే అదీ రాయాలి.

ఓరుగల్లు_రెవెన్యూ (జవాబు)

నేను రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. కాగితాలు కలవడం లేదన్న దిగులు వద్దు నాయనా, ఊరు కదలలేదు, జిల్లా పేర్లే మారాయి. పరకాల 2016 అక్టోబరు 11 దాకా పాత వరంగల్ జిల్లాలో ఉండి, ఆ రోజు జరిగిన పునర్విభజనలో వరంగల్ రూరల్‌లోకి వెళ్లి, 2021లో హనుమకొండ జిల్లాలోకి వచ్చింది. రాష్ట్రం 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్, ఆపైన 2014 జూన్ 2 దాకా ఆంధ్రప్రదేశ్, తరువాత తెలంగాణ. పుట్టిన ఊరు పరకాల, దేశం భారతదేశం అన్న రెండూ ఏ కాగితంలోనైనా ఒక్కటే కదా. మిగిలిన తేడాను ఈ నాలుగు తేదీలతో రెండు వాక్యాల్లో రాసి తమ్ముడికి పంపండి, వ్యాఖ్య రాసుకునే గడి ఉంటే అందులో పెట్టుకుంటాడు. ఏదో ఒక పేరు అన్ని చోట్లా ఉండాలని హడావిడిగా ఆధార్ సవరణలకు పరుగెత్తకండి. దరఖాస్తు నడుస్తుండగా కాగితాలు మారిస్తే లేని అనుమానం పుడుతుంది.

భూమి విషయానికి వస్తే, ఇక్కడ నివాసిగా ఉన్నప్పుడు సంపాదించిన వ్యవసాయ భూమిని విదేశీ పౌరసత్వం తీసుకున్న తరువాత కూడా ఉంచుకోవచ్చు, కొత్తగా కొనడానికే వీలులేదు. తమ్ముడు వెళ్లింది 2014లో, పట్టా అయింది 2013లో కాబట్టి చిక్కు లేదు. పాసుపుస్తకం మొదటి పేజీ, సర్వే నంబరు, విస్తీర్ణం ఉన్న పేజీ స్కాన్ చేసి ఇవ్వండి. బ్యాంకు ఖాతా ఇంకా మామూలు సేవింగ్స్‌గానే ఉంటే దాన్ని ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా, అంటే విదేశంలో ఉండేవాళ్లకు ఇక్కడి డబ్బు కోసం ఉండే ఖాతాగా, మార్పించాలి. పాత భారత పాస్‌పోర్టు అప్పగించిన ధ్రువపత్రం తమ్ముడి దగ్గర ఉందో లేదో కనుక్కోండి. ఓటర్ల జాబితాలో పేరు ఇంకా ఉంటే ఫారం-7 ఇచ్చి తీయించండి, భారత పౌరుడు కాని మనిషి పేరు అందులో ఉండకూడదు.

జగిత్యాల_అమ్మ (జవాబు)

మా అమ్మాయి అక్కడి నౌకాదళంలో ఉంది. క్లియరెన్స్ రావడంతో పని అయిపోతుందని మేము అనుకున్నాం, కానీ అసలు జాగ్రత్త ఆ తరువాతే మొదలైంది. మునుపు టాప్ సీక్రెట్‌కు ఐదేళ్లకు, సీక్రెట్‌కు పదేళ్లకు ఒకసారి మళ్లీ దర్యాప్తు చేసేవారట. ఇప్పుడు నిరంతర పరిశీలన పద్ధతి వచ్చింది. అప్పులు, కేసులు, అరెస్టుల వంటివి ఎప్పటికప్పుడు వాళ్లకు తెలుస్తూనే ఉంటాయి, అయినా ఐదేళ్లకోసారి ఫారం తాజాగా నింపాల్సిందే. అందుకని నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. అమ్మాయి ఇండియాకు వచ్చిన తేదీలు, తిరిగి వెళ్లిన తేదీలు, మేము ఇల్లు మారిన తేదీ, వాళ్ల నాన్న ఉద్యోగం మారిన తేదీ, ఆమె పంపిన డబ్బు, అన్నీ అందులో ఉన్నాయి. రెండోసారి ఫారం వచ్చినప్పుడు ఆ పేజీలు ఫోటో తీసి పంపితే, ఒక్క పూటలో ఆమె పని అయిపోయింది.

ఇంకో మాట. క్లియరెన్స్ ఉన్నవాళ్లు సొంత పనికి విదేశం వెళ్లాలన్నా ముందుగా చెప్పాలి. మేడారం జాతరకు రమ్మని మేము హఠాత్తుగా పిలిస్తే, తేదీలు యూనిట్‌కు తెలియజేయకుండా రాలేనని చెప్పింది. అప్పుడు నొచ్చుకున్నాను, ఇప్పుడు అర్థమైంది. మీ తమ్ముడికి ఇక్కడి సంబంధం చూస్తున్నట్లయితే, నిశ్చయం కాగానే అతను ఆ సంగతి చెప్పాలి. పెళ్లి అయిన తరువాత చెబుదాంలే అనుకోవద్దు.

పరకాల_పెద్దన్న (ప్రశ్న అడిగినవారు)

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. మీ జవాబులు బాపుకు రెండుసార్లు చదివి వినిపించాను. చిట్టీ మాట వినగానే అమ్మ లేచి లోపలికి వెళ్లి, తమ్ముడి పేరిట 2019లో చేసిన లక్ష రూపాయల డిపాజిట్ రసీదు తెచ్చి ముందు పెట్టింది. వాడికి తెలియదు. ఈ రాత్రే ఫోన్ చేసి చెబుతాం. ఒక్కటి మాత్రం మిగిలింది. అమ్మ పుట్టిన తేదీగా ఆధార్‌లో ఉన్నది రాయాలా, ఆమె చెప్పేది రాయాలా?

మానేరు_ఒడ్డు (జవాబు)

అన్నా, ఆధార్‌లో ఉన్న తేదీ రాసి, పక్కనే ఇది అంచనా తేదీ అని గుర్తు పెట్టే చిన్న గడి ఉంటుంది, దాన్ని టిక్ చేయమని చెప్పండి. మా అమ్మకు కూడా అలాగే చేశాను, జనన ధ్రువపత్రం లేదని వ్యాఖ్యలో ఒక వాక్యం రాశాను. అమ్మగారి పెళ్లికి ముందటి ఇంటిపేరు కూడా అడుగుతారు, అది మరవకుండా ఇవ్వండి. డిపాజిట్ రసీదు మీద తేదీ, మొత్తం, గడువు ఎప్పుడు తీరుతుందో కనబడేలా ఫోటో తీయండి. ఇక్కడ ఆ ఖాతా, ఈ డిపాజిట్, ఇతర ఖాతాలు ఉంటే అవీ అన్నీ కలిపి సంవత్సరంలో ఏ ఒక్క రోజైనా పది వేల డాలర్లు దాటాయా అన్నది కూడా తమ్ముడిని లెక్క చూసుకోమనండి. దాటితే అక్కడి ఖజానా శాఖకు ఏటా విడిగా తెలియజేయాలి, అది చేయలేదని ఫారం నింపాక తెలిస్తే మళ్లీ మొదటికొస్తుంది.